చెత్తడబ్బా కంపు కొట్టొద్దంటే ముందు నీళ్లు తీసేయండి

మేం హన్మకొండలో పై పోర్షన్‌కు అద్దెకు వచ్చిన కొత్తలో ఒక పొద్దున చెత్త ఆటో దగ్గర పనిచేసే అక్క మా తడిచెత్త బకెట్ ఎత్తబోయి మళ్లీ కింద పెట్టింది. "ఏందమ్మా గింత బరువుంది? చెత్తనా, నీళ్లా?" అని అడిగింది. బకెట్ కొంచెం వంచగానే నల్లటి నీళ్లు ధార కట్టి ఆమె చెప్పుల మీద పడ్డాయి. ముందురోజు మిగిలిన చారు, గిన్నెలు కడిగిన అడుగు, వడకట్టని చాయ్‌పత్తి, టమాట గుజ్జు అన్నీ అందులోనే వేశాను. ఆమె కాళ్లు కడుక్కోవడానికి చెంబెడు నీళ్లు తెచ్చిచ్చాను కానీ నాకు తలెత్తబుద్ధి కాలేదు. "మేం చెత్త మోస్తలేం బిడ్డా, నీళ్లు మోస్తున్నం" అని నవ్వుకుంటూ పోయింది.

అప్పటిదాకా నేను సువాసన ఫినాయిళ్లు, కర్పూరం బిళ్లలు, రంగురంగుల చెత్త కవర్లు అన్నీ కొని చూశాను. ఫినాయిల్ పోస్తే ఫినాయిల్ వాసన వచ్చేది, దాని కింద నుంచి చెత్త వాసన కూడా వచ్చేది. అసలు సంగతి ఆ అక్క ఒక్క మాటలో చెప్పేసింది. కంపు చెత్తది కాదు, అందులో నిలిచిన నీళ్లది.

నమ్మకం లేకపోతే ఒక మామిడి తొక్కను ఎండలో పడేయండి. సాయంత్రానికి వడిలి, రెండో రోజుకు చెక్కలా ఎండుతుంది. ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏమీ అనిపించదు. అదే తొక్కను కాసిన్ని నీళ్లతో డబ్బాలో వేసి మూత పెట్టి రెండు రోజులు ఆగండి. కూరగాయల తొక్కల్లో ముప్పావు వంతుకు పైగా నీళ్లే ఉంటాయి. అవి కుళ్లుతూ ఆ నీటిని వదులుతాయి. అడుగున నీళ్లు నిలిస్తే గాలి ఆడదు. గాలి లేని చోట బతికే బ్యాక్టీరియా అక్కడ పని మొదలుపెట్టి, కుళ్లిన గుడ్డు వాసన వచ్చే వాయువులను వదులుతుంది. కాబట్టి కింద చెప్పే పనులన్నీ తిరిగి తిరిగి ఒక్క దగ్గరికే వస్తాయి: డబ్బాలో తడి తగ్గించడం, గాలి ఆడనివ్వడం.

డబ్బాలు ఎట్లాంటివి కొనాలి

తడిచెత్తకు చిన్న డబ్బా కొనండి. నలుగురున్న ఇంటికి 6 నుంచి 8 లీటర్లది సరిపోతుంది. పెద్దది కొంటే "ఇంకా నిండలేదు కదా" అని మూడు రోజులు ఉంచేస్తాం. చిన్నదైతే ఏ రోజుకు ఆ రోజు ఖాళీ చేయక తప్పదు. లోపలి గోడ నున్నగా ఉండాలి, అడుగున గాడులు, మడతలు ఉండకూడదు. అంగట్లో అందంగా కనిపించే చారల డబ్బాలు, అల్లిక డిజైన్ డబ్బాలు కడిగేటప్పుడు ప్రాణం తీస్తాయి. కాలితో తొక్కితే మూత లేచే రకం కొంటే లోపలి బకెట్ విడిగా బయటికి వచ్చేదే తీసుకోండి.

పొడిచెత్తకు కొత్తది కొనక్కర్లేదు. రంగులు వేయించినప్పుడు మిగిలిన 20 లీటర్ల పెయింట్ బకెట్ చాలు. పాల ప్యాకెట్లు, నూనె ప్యాకెట్లు మాత్రం కడిగి ఆరేసి అందులో వేయండి. పొడిచెత్త డబ్బా కూడా వాసన వస్తోందంటే నూటికి తొంభై సార్లు అడుగున ఒక కడగని పాల ప్యాకెట్ ఉంటుంది.

మూడోది చిన్న అట్టపెట్టె. బ్లేడ్లు, పాత బ్యాటరీలు, కాలం తీరిన మందులు దాంట్లోకి. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్ సూదులు వాడుతుంటే వాటిని మూత బిగించే గట్టి ప్లాస్టిక్ సీసాలో వేయండి. డైపర్లు, ప్యాడ్లు పేపర్లో గట్టిగా చుట్టి విడిగా ఇవ్వాలి. ఇది మొహమాటపడాల్సిన సంగతి కాదు, వాటిని చేత్తో ఏరేవాళ్ల గురించి ఆలోచించాల్సిన సంగతి. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు కూడా ఇంట్లోనే తడి, పొడి, ప్రమాదకరమైనవి వేరు చేసి ఇవ్వాలనే చెప్పాయి. ఆ మాటకొస్తే మన వరంగల్‌లో అంతకంటే ముందే, 2012లోనే, ఇంటింటికీ తిరిగి తడి, పొడి వేరుగా తీసుకోవడాన్ని ఒక పోటీలా నడిపారు. రెండు డబ్బాల మాట మనకు నిన్న మొన్నటిది కాదు.

సింకు పక్కన ఒక చిల్లుల గిన్నె

ఇది చేస్తే సగం పని అయిపోయినట్టే. బియ్యం, ఆకుకూరలు కడిగే పాత చిల్లుల గిన్నె ఒకటి తీసి, దాని కింద ఒక పళ్లెం పెట్టి సింకు పక్కన ఉంచండి. తడి ఉన్నది ఏదైనా ముందు అందులోకే వెళ్లాలి. చారులో మిగిలిన కరివేపాకు, మునక్కాయ ముక్కలు, చాయ్‌పత్తి, ప్లేట్లలో మిగిలిన పెరుగన్నం అన్నీ. ఒక అరగంట అట్లా వదిలేస్తే కింది పళ్లెంలోకి ఎన్ని నీళ్లు దిగుతాయో చూడండి. మా ఇంట్లో ఒక పూటకు గ్లాసెడు నీళ్లు దిగుతాయి. ఆ గ్లాసెడు అంతకుముందు చెత్త ఆటో ఎక్కేది.

చాయ్‌పత్తిని జాలీలోనే చెంచాతో నొక్కి పిండండి. కూరగాయలు కోసేటప్పుడు పాత పేపరు పరుచుకొని దాని మీద కోయండి. కోయడం అయ్యాక తొక్కలను పేపరుతో సహా చుట్టి డబ్బాలో వేయొచ్చు, తడి పేపరు పీల్చుకుంటుంది. ఆకుకూర కాడలు, సొరకాయ తొక్కలు ఎక్కువగా ఉన్న రోజు వాటిని అట్లాగే పేపరు మీద బాల్కనీలో గంటసేపు ఎండకు పెడితే సగానికి సగం ముడుచుకుంటాయి. కోతులు తిరిగే వాడ అయితే మాత్రం ఈ పని కిటికీ లోపల చేయండి.

బియ్యం కడిగిన నీళ్లు చెట్లకు పోయండి. ఉప్పు, నూనె ఉన్న నీళ్లు పోయొద్దు, చెట్టు చస్తుంది. వాడిన నూనెను సింకులో అసలే పోయొద్దు. చల్లారాక మోరీలో గడ్డకట్టి, మీద వచ్చే అన్నం మెతుకులను పట్టుకొని, చివరికి ప్లంబర్‌ను పిలిపిస్తుంది. ఒక సీసాలో పోసి దాచండి, లేదంటే పేపర్లో ఇంకించి పొడిగా పడేయండి.

పేపరు గూడు మడవడం

తడిచెత్త డబ్బాలో ప్లాస్టిక్ కవర్ వేస్తే డబ్బా శుభ్రంగా ఉంటుంది నిజమే. లోపల చెత్త మాత్రం ఊపిరాడక ఉడుకుతుంది. పైగా ఆ కవర్ విప్పి చెత్తను కింద కుమ్మరించే పని ఎవరికో ఒకరికి పడుతుంది. దానికి బదులు పేపరు.

వార్తాపత్రిక జంట పేజీలు మూడు ఒకదాని మీద ఒకటి పరవండి. ఒక అంచును మడిచి చతురస్రం చేయండి. ఆ చతురస్రాన్ని మూల నుంచి మూలకు మడిస్తే సమోసాలా త్రికోణం వస్తుంది. మడత మీ వైపు, కొన పైకి ఉండాలి. ఇప్పుడు కుడి మూలను తెచ్చి ఎడమ అంచు నడిమికి ఆనించండి, ఎడమ మూలను తెచ్చి కుడి అంచు నడిమికి ఆనించండి. పైన రెండు చెవులు మిగులుతాయి. ఒక చెవిని ముందుకు, ఇంకోదాన్ని వెనక్కి మడిచి దించండి. నోరు తెరిచి చెయ్యి పెడితే పల్లీలు కట్టే పొట్లంలా నిలబడుతుంది. చిన్నప్పుడు కాగితపు టోపీ చేసినవాళ్లకు ఇది రెండు నిమిషాల పని. ఆదివారం కూర్చుని వారానికి సరిపడా ఏడు చేసి పెట్టుకోండి. మా ఇంట్లో ఈ పని మా అత్తమ్మది. టీవీ చూస్తూ చేస్తుంది, చూడకుండానే చేతులు మడిచేస్తాయి.

గూడు డబ్బాలో దించే ముందు అడుగున ఒక గుప్పెడు ఎండు ఆకులు గానీ, సామిల్లు దగ్గర దొరికే రంపపు పొట్టు గానీ వేయండి. రైస్‌మిల్లు దగ్గరుంటే ఊక తెచ్చుకోవచ్చు. రోజులో రెండు మూడు సార్లు చెత్త మీద ఒక్కో పిడికెడు చల్లండి. నీళ్లు దిగినా ఆ పొరలోనే ఆగిపోతాయి. ఈగకు కూడా వాలడానికి తడి దొరకదు. వేప ఆకు రాలే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక రెండు బస్తాలు ఊడ్చి పెట్టుకుంటే ఏడాదంతా చూసుకోనక్కర్లేదు. మా వీధిలో అంతా ఆ ఆకును తగలబెడతారు, నేను బస్తా పట్టుకొని పోతే మొదట్లో వింతగా చూసేవాళ్లు.

ఆదివారం సంగతి

కోడి, చేప, మాంసం కడిగిన రోజు వేరే లెక్క. ముందుగా, ఇంటికి తేవాల్సిన అవసరం లేనిదాన్ని అంగట్లోనే వదిలేసి రండి. చేపలు అక్కడే పొలుసు తీయించి, పేగులు తీయించి తెచ్చుకోండి. చికెన్ తోలు వద్దనుకుంటే అక్కడే చెప్పండి.

ఇంట్లో తేలిన ముక్కలు, తిన్నాక మిగిలిన బొక్కలు పేపర్లో రెండు మూడు మడతలు చుట్టి, ఒక పాత డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఒక మూలన పెట్టేయండి. పొద్దున ఆటో వచ్చినప్పుడు తీసి ఇవ్వండి. ఫ్రీజర్‌లో చెత్తా అని మా అత్తమ్మ మొదట మూతి తిప్పింది. "నిన్న తిన్న కోడే కదా అత్తమ్మా, రాత్రికి రాత్రి అంటరానిదైతదా?" అన్నాను. ఇప్పుడు ఆమే గుర్తు చేస్తుంది. గడ్డ కట్టినదానికి వాసన ఉండదు, ఈగ వాలదు, కుక్క లాగదు. మాంసం కడిగిన నీళ్లు చెట్లకు గానీ, చెత్తలోకి గానీ కాదు, నేరుగా బాత్రూం కాలువలోకి పోసి మీద బకెట్ నీళ్లు కుమ్మరించండి.

పొద్దున బయట పెట్టడం, కోతులు

రాత్రి పడుకునే ముందు డబ్బాను గేటు బయట పెట్టి పడుకునే అలవాటు ఉంటే మానుకోండి. కుక్కలు ఒక వైపు, తెల్లారగానే కోతులు ఇంకో వైపు. కోతికి మూత తీయడం బాగా తెలుసు. ఇటుక పెడితే ఇటుక తోసేస్తుంది. ఆటో పాట వినిపించాకే డబ్బా కిందికి తీసుకెళ్లడం అన్నిటికంటే మంచిది. పొద్దున్నే డ్యూటీకి వెళ్లేవాళ్లకు అది కుదరదు కాబట్టి, బండి క్యారియర్‌కు కట్టే హుక్కుల రబ్బరు తాడు ఒకటి కొని, ఒక పిడి నుంచి మూత మీదుగా ఇంకో పిడికి బిగించండి. మూత తీయాలంటే రెండు చేతులూ కావాలి, అంత ఓపిక కోతికి ఉండదు.

వానాకాలంలో బయట పెట్టిన డబ్బాలో వాన పడితే ఇంతసేపు మనం చేసిందంతా వృథా. కప్పు కింద పెట్టండి. చెత్త కవర్లను మోరీలో గానీ, నాలా గట్టున గానీ పడేయడం గురించి వేరే చెప్పాలా? 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో హన్మకొండ, వరంగల్ కాలనీల్లోకి నీళ్లు వచ్చినప్పుడు అందరం చూశాం. దానికి కారణాలు చాలా ఉన్నాయి కానీ, నీళ్లు తీసిన తర్వాత మోరీల మూతుల దగ్గర పేరుకొని కనిపించింది మాత్రం మన ఇళ్ల కవర్లే.

వారానికి ఒకసారి కడగడం

రోజూ ఖాళీ చేయగానే ఒక చెంబెడు నీళ్లతో తొలిపి బోర్లించడం చాలు. పేపరు గూడు వేసిన రోజు అది కూడా అక్కర్లేదు. వారానికి ఒకసారి మాత్రం సరిగ్గా కడగాలి. ఎండ ఎక్కే ముందు, ఆటో వెళ్లిపోయిన తర్వాత మంచి టైము.

చేతులకు గ్లౌజులు వేసుకోండి. మొదట నీళ్లు పోయకుండానే అడుగున అంటుకున్నదాన్ని పాత అట్లకాడతోనో, కొబ్బరి పీచుతోనో గీకి పేపర్లో తీసుకోండి. నీళ్లు పోసి గీకితే అది పేస్టులా మారి అంతటా పాకుతుంది. తర్వాత గిన్నెలు తోమే సబ్బు, వేడినీళ్లతో రుద్దండి. సలసల మరిగే నీళ్లు పోయొద్దు, పలుచటి ప్లాస్టిక్ వంకర పోతుంది. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే చాలు. కట్టెల పొయ్యి ఉన్న ఇళ్లలో బూడిద దొరికితే సబ్బు కంటే అదే బాగా పని చేస్తుంది, జిడ్డు లాగేస్తుంది.

ఎక్కువమంది మరిచిపోయేది మూత. మూత లోపలి వైపు, అంచు మడత, మూత బకెట్‌కు తగిలించి ఉండే కీలు. వాసన దాక్కునేది అక్కడే. పాత టూత్‌బ్రష్ ఒకటి దీనికే కేటాయించండి. ఒకసారి మేం డబ్బా తళతళలాడేట్టు కడిగినా కంపు పోలేదు. చివరికి చూస్తే పెడల్ దగ్గర స్ప్రింగు పక్కన ఒక ఎండిన రొయ్య తల ఇరుక్కొని ఉంది.

సబ్బుతో కడిగి, ఆ నురగంతా పోయేట్టు నీళ్లు పోశాక, బ్లీచింగ్ వాడాలనుకుంటే వాడొచ్చు. 5 లీటర్ల నీళ్లకు ఒక పెద్ద చెంచాడు బ్లీచింగ్ పౌడర్ కలిపి, డబ్బాలో పోసి 10 నిమిషాలు ఉంచి, పారబోసి, మంచి నీళ్లతో కడగండి. ముందు మురికి పోగొట్టకుండా బ్లీచింగ్ పోస్తే దాని బలమంతా మురికి మీదే ఖర్చయిపోతుంది. ప్రతి వారం అవసరం లేదు, నెలకు ఒకటి రెండు సార్లు చాలు.

ఇక్కడొక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. బ్లీచింగ్ పోసిన డబ్బాలో బాత్రూం యాసిడ్ గానీ, వెనిగర్ గానీ, నిమ్మరసం గానీ కలపొద్దు. "రెండూ కలిపితే ఇంకా తెల్లగా అవుతుంది" అని ఎవరో చెప్పింది విని చేస్తుంటారు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. చిన్న బాత్రూంలో తలుపు వేసుకొని ఈ పని చేస్తే ఊపిరి ఆడక ఆస్పత్రికి పోవాల్సి వస్తుంది. బ్లీచింగ్ వాడేది ఆరుబయటే వాడండి, పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు.

కడిగాక ఎండలో బోర్లించండి. నేల మీద నేరుగా బోర్లిస్తే లోపలి తడి ఆరదు. ఒక అంచు కింద ఇటుక ముక్క పెట్టి కొంచెం ఎత్తితే గాలి తిరుగుతుంది. మన దగ్గర మే నెల ఎండకు అరగంట చాలు. జులై, ఆగస్టుల్లో ఎండ ఉండదు కాబట్టి పాత నూలు గుడ్డతో లోపల తుడవండి. లేదంటే రెండు బకెట్లు పెట్టుకొని ఒకరోజు ఒకటి, మరుసటి రోజు ఇంకోటి వాడండి. వందో రెండొందలో ఖర్చు, వానాకాలమంతా టెన్షన్ ఉండదు. ఇంత చేసినా పాత వాసన పోకపోతే ఆరిన డబ్బా అడుగున రెండు చెంచాల తినేసోడా చల్లి రాత్రంతా ఉంచి పొద్దున దులిపేయండి.

అసలు డబ్బాలోకి వెళ్లేదాన్ని తగ్గించడం

మా డబ్బాలో ఏముంటుందో ఒక వారం కూర్చుని చూశాను. తొక్కలు కాదు, అన్నం ఎక్కువ. చుట్టం వస్తాడేమో, పిల్లలు ఇంకో బుక్క తింటారేమో అని గ్లాసు నిండా పోసిన తర్వాత పైన ఇంకో గుప్పెడు పోస్తాం కదా, ఆ గుప్పెడే రోజూ చెత్తలోకి పోతోంది. మాకు ఇప్పుడు గ్లాసు నిండా కాదు, అంచుకు వేలెడు కింద గీత ఉంది. చుట్టం వస్తే అరగంటలో ఇంకో గిన్నె ఉడుకుతుంది.

రాత్రి మిగిలిన అన్నం ఎండాకాలంలో బయట ఉంచితే గంట, రెండు గంటల్లోనే పాడవడం మొదలవుతుంది. వెడల్పు పళ్లెంలో పరిచి చల్లార్చి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున పోపు అన్నమో, పులిహోరో. సద్దన్నం తినే ఇల్లయితే బాధే లేదు, పెరుగు, ఉల్లిగడ్డ ఉంటే చాలు. మిగిలిన రొట్టెలు, చపాతీలు నలిపి బెల్లం, నెయ్యి కలిపి మలీద ముద్దలు చేస్తే పిల్లలు సాయంత్రం దాకా ఉంచరు. బతుకమ్మకే చేయాలని ఏముంది?

ఇక తొక్కల విషయం. మన దగ్గర పచ్చడిని తొక్కు అనే అంటాం కదా, తొక్కతో తొక్కు చేయడానికి మొహమాటమెందుకు? బీరకాయ పొట్టు, సొరకాయ తొక్క, కొత్తిమీర కాడలు నూనెలో వేయించి, పచ్చిమిర్చి, చింతపండు, పల్లీలు వేసి రోట్లో నూరితే ఆ పూట కూర అక్కర్లేదు. బాగా కడిగి, లేత తొక్కలే వాడండి. ముదురు బీరకాయ ఈనెలు నోట్లో గడ్డిలా తగులుతాయి.

ఊళ్లో అయితే ఇదంతా కుడితి గోలెంలోకి పోయేది. పట్నంలో కూడా దగ్గర్లో బర్రెలున్న ఇల్లు ఉంటే అడిగి చూడండి, కూరగాయల తొక్కలు, బియ్యం కడిగిన నీళ్లు సంతోషంగా తీసుకుంటారు. రెండు షరతులు. బూజు పట్టినది, ప్లాస్టిక్ ముక్క కలిసినది ఇవ్వొద్దు. ఫంక్షన్లో మిగిలిన అన్నం గంపెడు తీసుకెళ్లి ఒకేసారి పెట్టొద్దు. పుణ్యం అనుకుంటాం కానీ, అంత అన్నం ఒక్కసారి తింటే బర్రె కడుపులో పులిసి ఆమ్లం పెరుగుతుంది, ప్రాణం మీదికి కూడా వస్తుంది.

ఎరువు చేస్తారా, చేయరా

నిజం చెప్పాలంటే అందరూ చేయక్కర్లేదు. ఓపిక లేనివాళ్లు తడిచెత్తను నీళ్లు లేకుండా వేరుగా ఆటోకు ఇచ్చినా పెద్ద సాయమే. తడి, పొడి కలిపి ఇస్తే అది ఊరి చెత్తంతా చేరే మడికొండ డంపింగ్ యార్డులో గుట్టగా పడి ఉంటుంది. దాని పక్కన ఇళ్లు ఉన్నవాళ్లను అడగండి ఆ వాసన సంగతి.

డాబా మీద నాలుగు కుండీలు ఉండి, చేయాలని ఉంటే ఇట్లా చేయండి. మూత ఉన్న 20 లీటర్ల బకెట్‌కు పక్కలా, అడుగునా పొయ్యిలో కాల్చిన మేకుతో చిల్లులు పెట్టండి. కింద పళ్లెం, అడుగున నాలుగు వేళ్ల మందం ఎండు ఆకులు. రోజూ ఒక గిన్నెడు తడిచెత్త చిన్న ముక్కలుగా వేసి, మీద రెండు గిన్నెల ఎండు ఆకులు కప్పండి. మొదటి వారంలో కాస్త పేడ నీళ్లో, పుల్లటి మజ్జిగో చల్లితే తొందరగా అందుకుంటుంది. మూడు రోజులకోసారి కర్రతో కలియదిప్పండి. ఉప్పు, నూనె, పచ్చళ్లు, మాంసం, పాలు వేయొద్దు. ఊక వాడితే కొంచెమే వాడండి, అది తొందరగా కుళ్లదు.

తడి సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక పిడికెడు తీసి గట్టిగా పిండండి. నీళ్లు కారితే ఎండు ఆకులు కలపండి. పిడికిలి విప్పగానే పొడిపొడిగా రాలితే నీళ్లు చల్లండి, మన ఎండలకు ఇది తరచుగా జరుగుతుంది. ముద్దలా నిలబడి చెయ్యి మాత్రమే చెమ్మగా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. బకెట్ నిండాక పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి. నెలన్నర, రెండు నెలలకు మొదటిది నల్లగా, వాన పడ్డ మట్టి వాసనతో తయారవుతుంది. వానాకాలంలో మొదలుపెట్టొద్దని నా సలహా. ముసురులో ఎండు ఆకు దొరకదు, మొదటి ప్రయత్నమే బురదై మనసు విరిగిపోతుంది. దసరా దాటాక మొదలుపెట్టండి. ఇంట్లో ఎండిన బంతి, చామంతి దండలు అప్పుడు ఎట్లాగూ బోలెడు ఉంటాయి, దారం తీసేసి వేయండి.

ఈగలు, పురుగులు, ఊరి ప్రయాణం

ఎండాకాలంలో ఈగ పెట్టిన గుడ్డు ఒక్క రోజులోపే పురుగవుతుంది. వారం, పది రోజుల్లో అది మళ్లీ రెక్కలొచ్చిన ఈగ. అంటే తడిచెత్త రోజూ బయటికి పోతే గుడ్లు కూడా దాంతోపాటే పోతాయి, మీ ఇంట్లో పుట్టే ఈగ ఉండదు. మామిడిపండ్ల రోజుల్లో ముసిరే చిన్న ఈగలకు ఒక కప్పులో వేలెడు వెనిగర్, ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి డబ్బా పక్కన పెట్టండి. వాసనకు వస్తాయి, సబ్బు వల్ల పైకి లేవలేవు.

ఇదంతా తెలిసి కూడా ఒక మే నెలలో నేను తప్పు చేశాను. పరకాల వైపు చుట్టాల ఇంట్లో పెళ్లి, నాలుగు రోజులు. బయలుదేరే హడావిడిలో ముందురోజు కోడికూర బొక్కలు బాల్కనీలో డబ్బాలోనే ఉండిపోయాయి, మూత గట్టిగా పెట్టి మరీ వెళ్లాం. తిరిగొచ్చేసరికి కింది పోర్షన్ పెద్దమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని మెట్ల మీదే ఎదురైంది. "పైన ఏమన్న ఎలుక సచ్చిందా బిడ్డా? మూడొద్దుల సంది అన్నం తినబుద్ధి అయితలేదు" అంది. మూత తీస్తే లోపలి వైపంతా అన్నం మెతుకులు అంటుకున్నట్టు కనిపించింది. దగ్గరికి వంగి చూస్తే ఆ మెతుకులు కదులుతున్నాయి.

అట్లాంటిది మీకు ఎదురైతే కంగారుపడి సింకులో కడగొద్దు. ముందు డబ్బా నిండా ఎండు బూడిదో, రంపపు పొట్టో కుమ్మరించండి. తడి ఆరి పురుగులు పైకి ఎక్కలేవు. పది నిమిషాలాగి మొత్తం పేపర్లలో మూట కట్టి ఆటోకు ఇవ్వండి. తర్వాత ఖాళీ డబ్బాలో, మూత మీద వేడినీళ్లు రెండు సార్లు పోసి, పైన చెప్పినట్టు సబ్బుతో, బ్లీచింగ్‌తో కడిగి ఎండబెట్టండి. డబ్బా ఉన్న చోట నేల కూడా కడగండి, కొన్ని పురుగులు గోడ మూలకు పాకి అక్కడ గూడు కట్టుకుంటాయి.

ఊరికి వెళ్లే ముందురోజు నుంచే మాంసం వండొద్దు. వెళ్లే పొద్దున ఆటోకు అంతా ఇచ్చేయండి. ఆటో రాకముందే బస్సు ఎక్కాల్సి వస్తే మిగిలిన కొంచెం తడిచెత్తను పేపర్లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. కరెంటు మెయిన్ ఆపేసి వెళ్లే అలవాటుంటే మాత్రం అట్లా పెట్టొద్దు, పక్కింటివాళ్ల చేతికి ఇచ్చి మరుసటి రోజు ఆటోలో వేయమనండి. సింకు జాలీలో మెతుకులు తీసి, డబ్బా కడిగి, బాత్రూంలో ఇటుక మీద వాలుగా బోర్లించండి. మూత డబ్బా మీద పెట్టొద్దు. పక్కనే గోడకు ఆనించి పెట్టండి.